పునాది పనిలో మనిషి తప్పు ఎంత ఉంటదో ముందే అంచనా వేయడం ఎలా

ఇది సైట్ ఇంజనీర్లకి, క్వాలిటీలో ఉన్నవాళ్లకి, డిప్లొమా అవ్వగానే తీసుకొచ్చి బోరు తవ్వే రిగ్ దగ్గర నిలబెట్టేసిన కుర్రాళ్లకి. మన విజయనగరం, శ్రీకాకుళం సైడు ఇప్పుడు పునాది పనులకి కొదవ లేదు. భోగాపురం ఎయిర్‌పోర్టు, మూలపేట పోర్టు లాంటి పెద్దవి అటుంచండి, హైవే పక్కన గోడౌన్లు, ఊళ్లలో అపార్ట్‌మెంట్లు, కాలవల మీద చిన్న చిన్న బ్రిడ్జిలు, అన్నిటికీ కింద మట్టే కదా. డిజైన్ లెక్కలు ఎలా చేయాలో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, ఆ లెక్కలోకి వెళ్లే అంకెని తెచ్చిన మనిషి ఎంతవరకు కరెక్టుగా తెచ్చాడో చూసేవాళ్లే తక్కువ.

జార్జ్ సోవర్స్ అని అమెరికాలో పేరున్న జియోటెక్ ప్రొఫెసర్, 1993లో ఆయన 500 దాకా పునాది ఫెయిల్యూర్లు తిరగేసి చూస్తే 88 శాతం మనుషుల లోపాల వల్లే అయ్యాయని తేలింది, అప్పటికి ఆ టెక్నాలజీ ఇంకా లేకపోవడం వల్ల అయినవి 12 శాతమే. మరి మనం ఫ్యాక్టర్ ఆఫ్ సేఫ్టీ (అవసరం కన్నా ఎన్ని రెట్లు బలం పెట్టామన్నది) 2.5 వేశాం, 3 వేశాం అని ధీమాగా ఉంటాం. ఆ ఫ్యాక్టర్ మట్టిలో ఉండే తేడాల కోసం పెట్టింది, బుక్కులో 16 రాయాల్సిన చోట 26 రాసినోడి కోసం కాదు.

కాలమ్‌లో తేనెపట్టు (కాంక్రీటులో ఖాళీలు) వస్తే షట్టర్ విప్పగానే కనపడిపోద్ది, తిట్టుకుంటూ అయినా సరిచేస్తాం. పైల్‌లో, రోడ్డు గట్టులో, ఫుటింగ్ అడుగున అలా కాదు, తప్పు జరిగిన గంటలోపే దాని మీద మట్టో కాంక్రీటో పడిపోద్ది. కింద చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుద్ది.

1. ఒక్క పని తీసుకోండి, దాని పక్కన నిలబడి రాయండి

ప్రాజెక్టు మొత్తానికి ఒకేసారి చేసేద్దాం అని కూర్చుంటే ఎక్సెల్ షీట్ ఒకటి మిగులుద్ది అంతే. ఒక బోర్‌హోల్, లేదా ఒక పైల్ (బోరు తవ్వి, కేజ్ దించి, కాంక్రీటు నింపే లోతు పునాది), లేదా గట్టులో ఒక లేయర్, ఏదో ఒకటి పట్టుకోండి. మెథడ్ స్టేట్‌మెంట్ (పని ఎలా చేయాలో రాసిన కాగితం) చూసి స్టెప్పులు ఎక్కించకండి, అది ఆఫీసులో కూర్చుని రాసింది, చాలాసార్లు పాత ప్రాజెక్టుది పేరు మార్చి పెట్టింది కూడా. పని జరుగుతుంటే పక్కన నిలబడి ఎవరు ఏం చేశారో వరసగా రాయండి. ఒకసారి పగలు చూడండి, ఒకసారి రాత్రి షిఫ్టు చూడండి, రెండూ ఒకే పనేనా అని మీకే డౌటొస్తది.

ఉదాహరణకి "బోర్ శుభ్రం చేయవలెను" అని మెథడ్ స్టేట్‌మెంట్‌లో ఒక్క లైనే ఉంటది. సైట్లో అవి నాలుగు పనులు. తవ్వకం అయ్యాక తాడుకి గుండు కట్టి లోతు కొలిచేది ఒకడు, ఇనప చువ్వల కేజ్ దించాక మళ్లీ కొలవాల్సింది ఇంకొకడు, ఆ రెండు కొలతల తేడా చూసి అడుగున బురద ఎంత చేరిందో తేల్చాల్సింది ఇంజనీరు, ఆ బురద పోయేలా మళ్లీ ఫ్లషింగ్ పెట్టమని చెప్పాల్సింది కూడా ఆయనే. రెండో కొలత ఎగ్గొట్టేస్తే మిగతా మూడూ ఎంత బాగా చేసినా ప్రయోజనం లేదు. కాబట్టి మీ కాగితం మీద ఒక్కో కొలతా, ఒక్కో నిర్ణయమూ, ఒక్కో మాట చేతులు మారడమూ విడివిడి లైనుగా రావాలి.

2. ప్రతి లైను దగ్గరా ఒకటే ప్రశ్న: ఇక్కడ తప్పయితే ఎవరికి, ఎప్పుడు తెలుస్తది?

జవాబు మూడు రకాల్లో ఏదో ఒకటి అవుద్ది. వెంటనే తెలిసేది, తర్వాత టెస్టులో తెలిసేది, బిల్డింగు పగుళ్లిచ్చేదాకా తెలియనిది. మూడో రకం దగ్గర ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టుకోండి, మీ టైమంతా వాటి మీదే పెట్టాలి. నాకు తెలిసి మన పనుల్లో అలాంటివి ఎక్కువగా మూడు చోట్ల దొరుకుతాయి.

మొదటిది ఎస్పీటీ, అంటే బోరులో గొట్టాన్ని సుత్తితో కొట్టి, పడ్డ దెబ్బల లెక్కతో మట్టి ఎంత గట్టిదో చూసే టెస్టు. ఐఎస్ 2131 అనే మన దేశ కోడు ప్రకారం 63.5 కేజీల సుత్తి, 750 మి.మీ. ఎత్తు నుంచి పడాలి, 150 మి.మీ. చొప్పున మూడుసార్లు దిగాలి, మొదటి 150 ని సీటింగ్ (గొట్టం కుదురుకోడానికి) కింద వదిలేసి చివరి రెండిటి దెబ్బలు కలిపితే ఎన్ విలువ. వినడానికి ఇంతే. విన్చి మీద తాడు చుట్టి చేత్తో లాగి వదిలే సెట్టయితే పొద్దున్న పది గంటలకి పడ్డ ఎత్తు వేరు, మధ్యాహ్నం రెండింటికి ఎండలో చేతులు జారుతుంటే పడే ఎత్తు వేరు. సుత్తి తక్కువ ఎత్తు నుంచి పడితే దెబ్బలు ఎక్కువ పడతాయి, కాగితం మీద మట్టి గట్టిదని వస్తది, అంటే తప్పు అపాయం వైపే పోతోంది. ఇక లెక్కపెట్టేవాడు ఫోన్ మాట్లాడి వచ్చేసరికి "ఎన్నయ్యాయిరా" అంటే "తొమ్మిదో పదో బాబూ, పది ఏసుకోండి" అంటాడు హెల్పరు. 6, 9, 11 పడితే ఎన్ 20 రావాలి, కొత్త కుర్రాడు మూడూ కలిపేసి 26 రాస్తాడు. రిపోర్టులో మూడు అంకెలూ విడిగా ఉంటే ఎవరో ఒకరు పట్టుకుంటారు, ఒక్క ఎన్ మాత్రమే వేస్తే ఇక ఆ తప్పు ఎవరికీ దొరకదు.

నాగావళి, వంశధార ఒడ్డు ఇసకలో ఇంకోటి ఉంది. బోరులో నీళ్ల మట్టం బయట భూగర్భ జలమట్టం కన్నా కిందకి పోతే అడుగు నుంచి ఇసక పైకి ఉబికి వదులైపోతది, ఎన్ తక్కువ వస్తది. తక్కువొస్తే సేఫ్ సైడే కదా అనుకోకండి. అలాంటివి ఓ రెండు చూశాక డిజైనరు "ఈ డ్రిల్లరు దగ్గర వచ్చే తక్కువ విలువలన్నీ ఇంతేలే" అని మూడోది కూడా పెంచి వాడేస్తాడు, ఆ మూడోది నిజంగానే మెత్తటి బంకమట్టి అయ్యుంటది.

కొండల దగ్గర, గజపతినగరం సైడు అయినా ఇటు పాలకొండ సైడు అయినా, ఎర్రమట్టి కింద మెత్తబడిన ఖొండలైట్ రాయి వస్తది. అందులో మధ్యమధ్యలో గట్టి గుండ్లు ఉంటాయి. సుత్తి గుండు మీద పడి ఆగిపోతే "రాక్ తగిలింది సార్, రిఫ్యూజల్, ఇక దిగదు" అని రిగ్ ఎత్తేస్తారు. రాయి తగిలాక కనీసం 3 మీటర్లు కోరింగ్ చేసి (రాయిని గొట్టంతో కోసి పైకి తీసి) అది పరుపురాయేనా అని తేల్చుకోవడం మామూలు పద్ధతి, కానీ మీటరు లెక్కన డబ్బులిచ్చే చోట కోరింగ్ రేటు దగ్గర బేరం కుదరకపోతే ఆ 3 మీటర్లూ కాగితం మీదే అవుతాయి. ఇంకోటి, ఇదే రాయి ఎండలో తవ్వినప్పుడు గునపానికి కూడా లొంగదు, రెండు వానలకి తడిస్తే చేత్తో నలిపితే నలిగిపోతది. ఫుటింగ్ గుంట ఇన్‌స్పెక్షన్ శుక్రవారం చేసి కాంక్రీటు మంగళవారం వేస్తే, మధ్యలో వాన పడితే, మీరు సంతకం పెట్టిన గుంట అది కాదు.

రెండోది ట్రెమీ పైపు, అంటే బోరులో అడుగు నుంచి కాంక్రీటు పోసుకుంటూ, ముక్క ముక్కగా విప్పుతూ పైకి లేపే పైపు. ఇది కొంచెం దగ్గరగా చూద్దాం. 1000 మి.మీ. పైల్, 20 మీటర్ల లోతు అనుకోండి. మీటరుకి 0.785 క్యూబిక్ మీటర్ల కాంక్రీటు. రెండు మిక్సర్ల లోడు, అంటే 12 క్యూబిక్ మీటర్లు, పోశాక లెక్క ప్రకారం కాంక్రీటు 15.3 మీటర్లు లేవాలి. పైపు విప్పే మేస్త్రి ఆ లెక్కతోనే పైపు అడుగుని 12 మీటర్ల దాకా లేపేశాడు, ఇంకా 3.3 మీటర్లు కాంక్రీటులోనే మునిగుంది కదా అని. కానీ ఇసకలో బోరు ఎప్పుడూ గీసినట్టు 1000 ఉండదు, గోడలు కొంచెం జారి 15 శాతం ఎక్కువ తాగితే నిజంగా లేచింది 13.3 మీటర్లే. అంటే పైపు మునిగింది 1.3 మీటర్లు. 2 మీటర్లకి తగ్గకూడదు అని మనందరికీ తెలుసు, ఆ మేస్త్రికీ తెలుసు, అయినా తప్పు జరిగింది. ఎందుకంటే ప్రతి లోడు తర్వాత గుండు వేసి కొలవాల్సిన చోట మిక్సర్ల లెక్కతో సరిపెట్టేశారు. ఇంకొక్క పైపు ముక్క విప్పితే బయటికి వచ్చేస్తది, బోరు గోడ కూలకుండా నింపిన బెంటొనైట్ బంకనీళ్లు కాంక్రీటులో కలిసి మధ్యలో బురద పొర పడుద్ది, పైనుంచి చూస్తే పైల్ చక్కగా నిండినట్టే కనపడుద్ది. తర్వాత ఇంటెగ్రిటీ టెస్టు (పైల్ లోపల లోపం ఉందా అని చూసేది) చేస్తే దొరకొచ్చు, దొరక్కపోవచ్చు, దొరికినా అప్పుడు పక్కన ఇంకో పైల్ వేయడం తప్ప చేసేదేం లేదు.

మూడోది గట్టు మట్టి. హైవే స్పెసిఫికేషన్లలో గట్టుకి 95, సబ్‌గ్రేడ్‌కి (గట్టు మీద, రోడ్డు కింద ఉండే పొర) 97 శాతం డెన్సిటీ అడుగుతారు, అంటే ఫీల్డ్ డెన్సిటీని ల్యాబ్ గరిష్ట డెన్సిటీతో భాగిస్తే వచ్చే శాతం. ఇక్కడ అందరూ చూసేది పైన ఉన్న అంకెని, అంటే ఫీల్డ్ డెన్సిటీని. తప్పు కింద అంకెలో, అంటే ల్యాబ్ గరిష్ట డెన్సిటీలో ఉంటది. ఒక చెరువు మట్టికి ల్యాబ్‌లో గరిష్ట డెన్సిటీ 1.90 వచ్చింది. నెల తర్వాత ఆ చెరువు అయిపోయి టిప్పర్లు ఇంకో కొండ గ్రావెల్ తేవడం మొదలెట్టాయి, దానిది 2.05. ఫీల్డ్‌లో 1.85 వస్తే పాత కార్డు ప్రకారం 97.4 శాతం, పాస్. నిజానికి 90.2, ఫెయిల్. రోలర్ ఆపరేటర్ తప్పు లేదు, టెస్టు చేసినవాడి తప్పు లేదు, మట్టి మారిందని ల్యాబ్‌కి చెప్పాల్సిన పని ఎవరి పేరు మీదా లేదు. ఇట్లాంటివే అన్నిటికన్నా ప్రమాదం, ఎవడూ తప్పు చేయకుండానే తప్పు జరిగిపోద్ది.

పనిలో పని, కార్బైడ్ పొడితో చేసే తేమ మీటరు ఉంది కదా, అది చూపించే శాతం తడి బరువు మీద లెక్క. 12 చూపిస్తే పొడి బరువు మీద 13.6. దాన్ని మార్చకుండా వేసేస్తే డెన్సిటీ ఎక్కువ వచ్చినట్టు కనపడుద్ది. మీ ల్యాబ్ కుర్రాడిని ఇవాళే అడగండి.

3. అది ఏ రకం తప్పో తేల్చండి

ఇక్కడ ఎక్కువ టైం పెట్టక్కర్లేదు, కానీ వదిలేయకూడదు. చెయ్యి జారడం, అంటే 16 రాయబోయి 26 రాయడం. మర్చిపోవడం, రెండో కొలత తీయకపోవడం. తెలియక తప్పుగా నిర్ణయించడం, గుండుని పరుపురాయి అనుకోవడం. తెలిసీ పక్కన పెట్టడం, కోరింగ్ ఎగ్గొట్టడం. నాలుగింటికీ మందు వేరు. చెయ్యి జారినోడికి ట్రైనింగ్ క్లాసు పెడితే ఏం లాభం, ఆడికి పని తెలుసు. తెలిసీ ఎగ్గొట్టినోడికి చెక్‌లిస్టు ఇస్తే టిక్కులు కొట్టేసి ఇస్తాడు. మన దగ్గర అన్నిటికీ ఒకటే వైద్యం, మెమో.

4. ఆ పని ఏ పరిస్థితుల్లో జరుగుతోందో రాయండి

మనిషి ఒకడే, పరిస్థితి మారితే తప్పులు మారతాయి. మే నెలలో తీరం దగ్గర ఉక్క, అక్టోబరు వచ్చేసరికి తుఫాను భయం, 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ చూసిన వాళ్లం కాబట్టి అల్పపీడనం అన్న మాట వినగానే గుంటలు పూడ్చేద్దాం, కాంక్రీటు పోసేద్దాం అని తొందర. ఆ తొందరలో ఇన్‌స్పెక్షన్లు ఎగిరిపోతాయి. సంక్రాంతికి, సిరిమాను పండగకి సగం గ్యాంగు ఊళ్లకి పోతే మిగిలినోళ్లతో, కొత్తగా దొరికినోళ్లతో పని లాగిస్తాం. రిగ్ ఆపరేటర్‌ది జార్ఖండో బెంగాలో, హెల్పర్‌ది ఇచ్ఛాపురం అవతల ఒడియా, మేస్త్రిది మన యాస, ఇంజనీరు వాట్సాప్‌లో ఇంగ్లీషులో పెడతాడు. ఎవడికి ఏం అర్థమైందో అడగండి. "అర్థమైందా" అని అడిగితే అందరూ తలే ఊపుతారు, "ఇప్పుడు ఏం చేస్తావో చెప్పు" అని అడగాలి.

డబ్బు ఎలా ఇస్తున్నారో కూడా రాయండి, ఇది చాలామంది వదిలేస్తారు. మీటరు లెక్కనా, పైల్ లెక్కనా, రోజు కూలా. నెలాఖరు బిల్లు ముందు మూడు రోజుల్లో వేసిన పైల్స్ లిస్టు విడిగా తీసి చూడండి, మీకే తెలుస్తది.

5. ఇప్పుడు అంకె వేయండి

దీనికి రకరకాల పద్ధతులు ఉన్నాయి, సైట్‌లో వాడుకోడానికి తేలికైంది హార్ట్ (HEART) పద్ధతి. 1980ల్లో బ్రిటన్‌లో విలియమ్స్ అనే ఆయన పెట్టాడు. ముందు పని ఏ తరహాదో చూస్తారు, దానికో మూల సంభావ్యత ఉంటది. అలవాటైన, గబగబా చేసే, పెద్ద నైపుణ్యం అక్కర్లేని పనికి 0.02, అంటే వందకి రెండుసార్లు తప్పు. మామూలు పనే కానీ తొందరగా, అరకొర ధ్యాసతో చేసేదానికి 0.09. బాగా బుర్ర పెట్టాల్సిన క్లిష్టమైన పనికి 0.16. పద్ధతి ప్రకారం, కొంత చెకింగ్‌తో చేసేదానికి 0.003.

తర్వాత పరిస్థితుల గుణకాలు. తప్పు కనిపెట్టి దిద్దుకునే టైం లేకపోతే 11 రెట్ల దాకా, అసలు విషయం సరిగా కనపడకపోతే 10, అనుభవం లేకపోతే 3, వేరేవాళ్ల చెకింగ్ లేకపోతే 3. ఇవి గరిష్టాలు. మన సైట్‌లో ఆ పరిస్థితి ఎంత భాగం ఉందో 0 నుంచి 1 మధ్య మనం అంచనా వేయాలి. గుణకంలోంచి 1 తీసేసి, ఆ భాగంతో గుణించి, 1 కలపాలి. ఇలా వచ్చినవన్నీ మూల సంభావ్యతతో గుణించేయడమే.

ఎస్పీటీ దెబ్బలు లెక్కపెట్టి రాయడం తీసుకుందాం. మూలం 0.02. టైం ఒత్తిడి పదోవంతు అనుకుంటే 10 ని 0.1 తో గుణించి 1 కలిపితే 2. చెకింగ్ సగం లేదు అనుకుంటే 2 ని 0.5 తో గుణించి 1 కలిపితే 2. మొత్తం 0.02 × 2 × 2 = 0.08. ఒక బోరులో 12 ఎస్పీటీలు ఉంటే అన్నీ కరెక్టుగా వచ్చే అవకాశం 0.92 ని పన్నెండుసార్లు గుణించుకుంటే 0.37. అంటే కనీసం ఒక్క తప్పైనా ఉన్న బోరు లాగులు వందకి 63. ఇద్దరితో విడివిడిగా లెక్కపెట్టించి, తొందర తీసేసి, 0.02 కి తెస్తే అది 22 కి పడిపోద్ది. ఇది చూపించాకే ఒక ప్రాజెక్టు మేనేజరు రిగ్ దగ్గర ఇంకో మనిషిని పెట్టడానికి ఒప్పుకున్నాడు, అంతకుముందు ఎన్ని చెప్పినా "జీతం ఎవడిస్తాడు" అనేవాడు.

ట్రెమీకి కూడా వేసి చూడండి. పద్ధతి ప్రకారం చేసే పని కాబట్టి మూలం 0.003. లోపల ఏం జరుగుతోందో కనపడదు, దానికి 0.2 భాగం వేస్తే 2.8. చెకింగ్ సగం లేదు, 2. పైపు విప్పేవాడు సగం కొత్తవాడు, 2. గుణిస్తే 0.034 దగ్గర. 200 పైల్స్ ఉన్న పనిలో ఆరేడు చోట్ల పైపు లెక్క తప్పే అవకాశం ఉందని అర్థం.

ఒక జాగ్రత్త. ఈ మూల విలువలు మన మట్టి పనుల్లో కొలిచినవి కావు, వేరే ఇండస్ట్రీల అనుభవం నుంచి వచ్చినవి. 0.034 అంటే కచ్చితంగా 0.034 అని రిపోర్టులో రాసి క్లయింటుతో వాదనకి దిగకండి. ఏ స్టెప్పు దేనికన్నా ఎంత ప్రమాదమో వరస పెట్టుకోడానికి వాడుకోండి, అక్కడ ఇది బాగా పనికొస్తది. భాగాల అంచనా మాత్రం ఒక్కరే వేయకండి. రిగ్ దగ్గర ఉండే మేస్త్రి, ల్యాబ్ వాడు, ఇంజనీరు, ముగ్గురూ విడిగా కాగితం మీద రాసి అప్పుడు ఎదురెదురుగా పెట్టాలి. ఏజీఎమ్ గారు ముందు మాట్లాడితే మిగతావాళ్ల అంకె ఆయన అంకే అవుద్ది. మేస్త్రి 0.7 అని, ఇంజనీరు 0.1 అని రాస్తే సగటు తీసేయకండి, ఎందుకు అంత తేడా వచ్చిందో కూర్చుని మాట్లాడండి, అసలు సమాచారం అక్కడే ఉంటది.

6. చెక్ చేసేవాడు నిజంగా వేరేవాడేనా?

నన్నడిగితే మొత్తంలో ముఖ్యమైన స్టెప్పు ఇదే. మన ఫార్మాట్లలో సంతకాలకి లోటు ఉండదు, సైట్ ఇంజనీరు, క్వాలిటీ, థర్డ్ పార్టీ, డిపార్ట్‌మెంటు ఏఈ. మొదటోడు పదికి ఒకసారి తప్పు చేస్తాడు, రెండోవాడు పదికి ఒకటి మిస్ అవుతాడు, కాబట్టి రెండూ దాటి బయటికొచ్చేది వందకి ఒకటే, అని లెక్కేసుకుంటాం. ఆ లెక్క కరెక్టు అవ్వాలంటే రెండోవాడు మొదటోడి కాగితం చూడకుండా విడిగా కొలవాలి.

1983లో స్వెయిన్, గట్‌మన్ అమెరికా అణు కేంద్రాల కోసం తయారుచేసిన తెర్ప్ (THERP) పద్ధతిలో దీనికి సూత్రాలు ఉన్నాయి. రెండోవాడు విడిగా చేస్తే మిస్ అయ్యే అవకాశం 0.1 అనుకోండి. మొదటోడితో కొద్దిగా ముడిపడి ఉంటే, 19 ని దానితో గుణించి 1 కలిపి 20 తో భాగిస్తే 0.145. ఓ మాదిరి ముడి ఉంటే 6 తో గుణించి 1 కలిపి 7 తో భాగించాలి, 0.23. బాగా ముడిపడి ఉంటే 1 కలిపి 2 తో భాగిస్తే 0.55. పూర్తిగా ముడిపడితే 1, అంటే చెకింగ్ లేనట్టే. బాగా ముడిపడ్డ కేసులో బయటికొచ్చే తప్పులు వందకి ఒకటి కాదు, 0.1 × 0.55, అంటే ఐదారు.

ముడి ఎంతో ఎలా తెలుస్తది అంటే, ఇవి చూసుకోండి. ఇద్దరూ ఒకే టేపు, ఒకే గుండు తాడు వాడుతున్నారా (తాడు సాగిపోయి ఉంటే ఇద్దరికీ ఒకే తప్పు వస్తది)? రెండోవాడు సంతకం పెట్టేది గుంట దగ్గరా, సాయంత్రం ఆఫీసులో పది ఫారాలు ఒకేసారా? టెస్టు చేసే చోటు ఎవరు చూపిస్తున్నారు? "ఇక్కడ కొట్టండి సార్, చదునుగా ఉంది" అని కాంట్రాక్టర్ మనిషి చూపించిన చోటే శాండ్ రీప్లేస్‌మెంట్ (ఫీల్డ్ డెన్సిటీ టెస్టు) చేస్తే అది ఆయన టెస్టే, మీది కాదు. చెక్ చేసేవాడి జీతం, భోజనం, బండి ఎవరు పెడుతున్నారు? అందరూ మంచోళ్లే, కానీ రోజూ మధ్యాహ్నం వాళ్ల మెస్‌లో తిని సాయంత్రం వాళ్ల లేయర్ ఫెయిల్ చేయడం ఎంత మొహమాటమో మనకి తెలియంది కాదు.

మీరు లైన్లు, అంకెలు రాసుకున్న టేబుల్‌లో ఒక్కో చెకింగ్‌కి ఈ ముడి విలువ రాసేయండి. చాలా సైట్లలో నాలుగు సంతకాలు కలిపి ఒకటిన్నర చెకింగ్ కూడా అవ్వవు.

7. సరిచేసే వరస

ఎర్ర గుర్తు ఉండి, అంకె పెద్దగా ఉండి, చెకింగ్ ముడిపడి ఉన్న లైన్లు పైకి తీయండి. ఒక పైల్‌కి అలాంటివి నాలుగో ఐదో మిగుల్తాయి, ముప్పై కాదు.

ముందు తప్పు చేయడానికే కుదరకుండా ఏం చేయొచ్చో చూడండి. చేత్తో లాగే సుత్తి బదులు ఎత్తు ఫిక్స్ అయ్యుండి దానంతటదే పడే సుత్తి పెడితే ఒక తప్పు పూర్తిగా పోయింది. అది కుదరకపోతే తప్పు కనపడేలా చేయండి. ఎస్పీటీ రాడ్ మీద 150 మి.మీ. గీతలు సుద్దముక్కతో కాకుండా పెయింటుతో వేయించడం, ట్రెమీ పైపు ముక్కలకి నంబర్లు వేసి విప్పినవి నేల మీద వరసగా పడుకోబెట్టడం, ప్రతి లోడు తర్వాత గుండు కొలత పోర్ కార్డులో (కాంక్రీటు పోసిన లెక్క రాసే కాగితం) ఎక్కించి పక్కనే లెక్క ప్రకారం రావాల్సింది కూడా రాయించడం. ఆ రెండు గడులూ పక్కపక్కన ఉంటే చదువు రాని మేస్త్రి కూడా తేడా పట్టేస్తాడు. మట్టి క్వారీ మారితే టిప్పర్ స్లిప్ రంగు మార్చేయండి, రంగు మారిన స్లిప్ రాగానే కొత్త ప్రోక్టర్ రిపోర్టు (ల్యాబ్ గరిష్ట డెన్సిటీది) లేకుండా లేయర్ టెస్టు తీసుకోకూడదని ల్యాబ్‌కి రూలు పెట్టండి.

ఆ తర్వాతే హోల్డ్ పాయింట్లు, అంటే చూసి ఒప్పుకునేదాకా పని ఆపాల్సిన చోట్లు. పైల్‌కి మూడు చాలు: పునాది నిలిచే పొర, కాంక్రీటు ముందు అడుగు లోతు, పోస్తున్నప్పుడు పైపు మునక. పదిహేను పెడితే పదిహేనూ టిక్కులే అవుతాయి. ఆపే అధికారం అక్కడ నిలబడ్డవాడికే ఉండాలి, రాత్రి రెండింటికి ఫోన్ ఎత్తని పెద్దాయనకి కాదు. ట్రైనింగ్, పోస్టర్లు చివర్న.

8. లోతు తవ్వకాలుంటే రీడింగుల సంగతి

సెల్లార్ తవ్వుతున్నా, పక్కింటి గోడ దగ్గర గుంట తీస్తున్నా, గోడ కదలిక కొలిచే పాయింట్లు పెడతారు. ఇంత దాటితే హెచ్చరిక, ఇంత దాటితే పని ఆపాలి అని ముందే రాసుకుంటారు. ఆ గీతని జరిపే అధికారం ఎవరికుందో చూడండి. సింగపూర్‌లో 2004 ఏప్రిల్ 20న నికోల్ హైవే పక్కన మెట్రో కోసం తవ్విన, 30 మీటర్లకి పైగా లోతుండే గుంట కూలి నలుగురు చనిపోయారు. గోడల మధ్య అడ్డంగా పెట్టే స్ట్రట్లు గోడ పొడవునా ఉండే వేలర్లకి కలిసే జాయింట్ల డిజైన్ బలహీనంగా ఉంది, మట్టి బలాన్ని మోడల్‌లో ఎక్కువ వేసుకున్నారు. కానీ అంతకుముందే గోడ కదలికలు పరిమితి దాటాయి. దాటినప్పుడల్లా వెనక్కి లెక్కలేసి పరిమితినే పెంచుకుంటూ పోయారు. ఆ రోజు పొద్దున్నే జాయింట్లు వంగడం, చప్పుళ్లు రావడం పనోళ్లు గమనించారు, కూలింది మధ్యాహ్నం మూడున్నర ప్రాంతంలో. ఆ కొన్ని గంటలూ జనం గుంటలోనే ఉన్నారు.

మీ దగ్గర గుంట అంత పెద్దది కాకపోవచ్చు. 2 మీటర్ల కాలవ గుంటలో మట్టి జారినా మనిషి పోతాడు. పరిమితి మార్చాలంటే దాన్ని పెట్టినవాడు కాకుండా, ఆ పని బిల్లుతో సంబంధం లేని ఇంకొకరు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, ఒప్పుకునేదాకా గుంటలో ఎవరూ దిగకూడదు. గుంట అంచున పగులు చూశాను అని చెప్పిన కూలీకి ఆ రోజు కూలి కోయకూడదు, ఇది కూడా మీ టేబుల్‌లో ఒక లైనే.

9. మీ సొంత అంకెలు పోగేసుకోండి

పుస్తకం విలువలతో మొదలెట్టినా కొన్నాళ్లకి మీ సైట్ విలువలు రావాలి. ఎస్పీటీ చేసేటప్పుడు ఫోన్ స్టాండ్ మీద పెట్టి వీడియో తీయండి, వారానికోసారి ఏవో కొన్ని తీసి వేరేవాళ్లతో దెబ్బలు మళ్లీ లెక్కపెట్టించండి, లాగ్‌తో పోల్చండి. అరవైలో మూడు తేడా వస్తే మీ అంకె 0.05, ఇక పుస్తకంలోది పక్కన పెట్టొచ్చు. పోర్ కార్డుల్లో గుండు కొలత గడి ఖాళీగా ఉన్నవి ఎన్ని, లెక్కకి అచ్చు గుద్దినట్టు సరిపోయినవి ఎన్ని అని కూడా చూడండి. రెండోవి ఎక్కువుంటే ఎవరూ గుండు వేయట్లేదని అర్థం, నేలలో ఏ బోరూ అంత బుద్ధిగా ఉండదు.

ఈ వీడియోలు చూపించి ఎవరి కూలీ అయినా కోశారంటే మర్నాడు నుంచి ఫోన్ చార్జింగ్ అయిపోద్ది, స్టాండ్ పడిపోద్ది, ఇక మీకు డేటా రాదు. ముందే గ్యాంగుతో కూర్చుని చెప్పేయండి, తప్పు చెప్పినోడికి ఏమీ అవ్వదు, దాచినోడి సంగతే వేరు అని. మొదటి రెండు వారాలు ఎవరూ నమ్మరు. ఎవడో ఒకడు వచ్చి "నిన్న పైపు ఒకటి ఎక్కువ ఇప్పేసినాం బాబూ" అంటే అప్పుడు మీరు ఏం చేస్తారో గ్యాంగు మొత్తం చూస్తది, అరవకండి, ఆ పైల్ నంబరు రాసుకుని ఇంటెగ్రిటీ టెస్టుకి పెట్టండి.

రిగ్ మారినా, గ్యాంగు మారినా, క్వారీ మారినా, రేటు మారినా టేబుల్ మళ్లీ వేయాలి. మొత్తం అక్కర్లేదు, 4, 5, 6 స్టెప్పులు చాలు, మేస్త్రిని పక్కన కూర్చోబెట్టుకుంటే ఓ సాయంత్రం పని.